‘బస్సు’ అనే మాటలో మిగిలింది ఒక్క విభక్తి ప్రత్యయమే

మీరు అడిగినవి రెండు. ‘బస్సు’ అనే మాట లాటిన్‌లోని ‘ఓమ్నిబుస్’ నుంచి పుట్టిందనీ, దానికి ‘అందరికీ’ అని అర్థమనీ మీ ఉపాధ్యాయులు చెప్పినది నిజమేనా అన్నది మొదటిది. ఫ్రాన్సులో ఒక టోపీల దుకాణం బోర్డు చూసి ఈ పేరు పెట్టారన్న కథ ఎంతవరకు నమ్మదగినది అన్నది రెండవది. మొదటి దానికి నా సమాధానం ‘నిజమే, కానీ ఒక చిన్న సవరణతో’. ఆ సవరణే నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం కాబట్టి కొంచెం విస్తరించి రాస్తాను. నేను భాషాశాస్త్రం చదివినవాణ్ణి కాను. పదో తరగతి తరవాత మూడేళ్ళు, ఫాదరు కావాలనుకొనేవారు చదివే ఒక కతోలిక గురువిద్యాలయంలో ఉండి, గురుత్వం నాకు కుదిరే దారి కాదని తెలుసుకొని బయటికి వచ్చాను. అక్కడి నుంచి వెంట తెచ్చుకొన్న కొద్దిపాటి లాటిన్ మీద ఆధారపడి ఇది రాస్తున్నాను.

నిజానికి ఈ మాట నాకు గురువిద్యాలయం కంటే ముందే, మా అమ్మమ్మ నోట వినబడింది. ఆమెకు అక్షరం ముక్క రాదు, కానీ పాత దివ్యపూజలోని లాటిన్ జపాలన్నీ కంఠతా వచ్చు. కతోలిక బిషపుల సమావేశమైన రెండవ వాటికన్ మహాసభ 1965లో ముగిసిన తరవాత మా గుడిలో పూజ తెలుగులోకి మారిపోయినా, సాయంత్రం దీపం పెట్టాక ఆమె మాత్రం తన పాపాలను లాటిన్‌లోనే ఒప్పుకొనేది. ‘కొన్‌ఫితెయోర్’ అని మొదలయ్యే ఆ జపంలో సర్వశక్తిమంతుడైన దేవుడికి, మరియమాతకు, మిఖాయేలు దూతకు, బాప్తిస్మపు యోహానుకు, పేతురు పౌలులకు వరసగా పాపాలు చెప్పుకొని, ఆ తరవాత ‘ఓమ్నిబుస్ సాంక్తిస్’, అంటే ‘పునీతులందరికీ’ అనాలి. మా అమ్మమ్మ నోట అది ‘ఓమ్నిబూసు సాంతీసు’ అయ్యేది. ప్రార్థన మధ్యలో బస్సు ఎందుకు వచ్చిందని మేము పిల్లలం ముసిముసిగా నవ్వుకొనేవాళ్ళం. అది వట్టి శబ్దసామ్యం కాదనీ, ఆ మాటే ఈ మాటనీ తెలియడానికి నాకు మరో ఆరేడేళ్ళు పట్టింది.

గురువిద్యాలయంలో మాకు లాటిన్ చెప్పిన ఫాదరుగారు సంస్కృతం కూడా చదువుకొన్నవారు. ‘అన్ని, సమస్తమైన’ అనే అర్థం గల ‘ఓమ్నిస్’ అనే విశేషణానికి విభక్తి రూపాలన్నీ ఆయన ఒక రోజు నల్లబల్ల మీద నిలువు వరుసలో రాశారు. బహువచనంలో ప్రథమ ‘ఓమ్నెస్’, షష్ఠి ‘ఓమ్నియుమ్’, చతుర్థి ‘ఓమ్నిబుస్’, పంచమి కూడా ‘ఓమ్నిబుస్’. ఆ వరుస పక్కనే సుద్దముక్కతో ఇంకో వరుస రాశారు: సర్వే, సర్వేషామ్, సర్వేభ్యః, సర్వేభ్యః. రెండు వరుసలలోనూ చతుర్థికీ పంచమికీ ఒకే రూపం ఉండడం చూపించి, చివరి అక్షరాల కింద గీత గీశారు. లాటిన్ ‘బుస్’, సంస్కృత ‘భ్యః’ ఒకే మూలప్రత్యయం నుంచి వచ్చిన జ్ఞాతులని తులనాత్మక వ్యాకరణం చెబుతుంది. మాట నడుమ సంస్కృతంలో ‘భ’ ఉన్న చోట లాటిన్‌లో ‘బ’ కనబడడం మామూలే. మన ‘నభస్సు’కూ లాటిన్ ‘నెబులా’కూ, మన ‘ఉభౌ’కూ లాటిన్ ‘అంబో’కూ ఉన్న చుట్టరికం అటువంటిదే. పూజలు చేయించే ఇంట్లో పుట్టినవారికి ‘సర్వేభ్యః’ అన్న మాట చెవికి అలవాటే. దాని తోకా, ఊరి కూడలిలో ఆగే బస్సూ ఒకే కుదురు నుంచి మొలిచాయని తెలిసినప్పుడు నాకు రెండు రోజులు వేరే పాఠం బుర్రకెక్కలేదు.

ఇప్పుడు నేను చెప్పిన సవరణకు వస్తాను. ‘ఓమ్నిబుస్’లో ‘అన్ని’ అనే అర్థాన్ని మోసేది ‘ఓమ్ని’ అనే ప్రాతిపదిక. ‘బుస్’ అనేది మన ‘కి, కు’ల వంటి ప్రత్యయం మాత్రమే, దానికంటూ సొంత అర్థం లేదు. వాడుకలో పేరు పొట్టిగా చేసుకొన్నవారు అర్థమున్న ముక్కను పారేసి అర్థం లేని ముక్కను ఉంచుకొన్నారు. ‘అందరికీ’ అనే పేరుతో ఒక బండి నడుస్తూ ఉంటే, కొన్నాళ్ళకు జనం ‘కీ ఎక్కి వచ్చాను, కీ తప్పిపోయింది’ అనడం మొదలుపెట్టారనుకోండి. ఇంగ్లీషులో జరిగింది సరిగ్గా అదే. కాబట్టి ‘బస్సు అంటే అందరికీ అని అర్థం’ అనడం కంటే, ‘అందరికీ అనే మాటలో చివరి కీ మాత్రమే బస్సు’ అనడం ఖచ్చితంగా ఉంటుంది. తెలుగులో ఇంకో మెలిక కూడా పడింది. మనం ‘బస్సుకి’ అన్నప్పుడల్లా అర్థరీత్యా ఒక చతుర్థి ప్రత్యయం మీద మరో చతుర్థి ప్రత్యయాన్ని ఎక్కిస్తున్నాం. మనం చిన్నప్పుడు వల్లించిన పట్టికలో ‘కి, కు’లు షష్ఠి వరుసలో ఉంటాయని ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అవి చేసే పని చతుర్థిదేనని నా వాదన.

ఈ విశేషణ రూపం బండికి పేరు ఎలా అయిందన్నది ఫ్రాన్సులో జరిగిన కథ. నాంత్ నగరంలో స్తానిస్లాస్ బోద్రీ అనే మాజీ సైనికాధికారికి ఊరి అంచున ఆవిరితో నడిచే పిండిమర ఉండేది. మర నుంచి వచ్చే వేడినీళ్ళు వృథాగా పోవడం చూసి, అక్కడే స్నానశాలలు పెట్టాడు. ఊరి నడిబొడ్డు నుంచి స్నానాలకు మనుషులను చేరవేయడానికి 1826లో ఒక గుర్రపు బండి ఏర్పాటు చేశాడు. కొన్నాళ్ళకు అతడు గమనించిన సంగతేమిటంటే, ఎక్కినవారిలో చాలామంది స్నానాల దాకా రావడమే లేదు. దారిలో తమకు కావలసిన చోట దిగిపోతున్నారు. జనానికి కావలసింది వేడినీళ్ళు కాదు, బండే అని గ్రహించి ఆ వ్యాపారంలోకి దిగాడు. 1828 ఏప్రిల్‌లో పారిస్ వీధులలోనూ అటువంటి బళ్ళు నడిపాడు. గుర్రాల మేతకూ బళ్ళ నిర్వహణకూ ఖర్చులు పెరిగి, ఇబ్బందుల నడుమ 1830లో ప్రాణాలు తీసుకొన్నాడు. ఆ పేరు మాత్రం అప్పటికే ఫ్రాన్సు ఎల్లలు దాటిపోయింది.

టోపీల దుకాణం కథ ఇక్కడే వస్తుంది. నాంత్‌లో బోద్రీ బండి బయలుదేరే చోట ఓమ్నెస్ అనే ఇంటిపేరు గల టోపీల వ్యాపారి ఒకడు ఉండేవాడనీ, తన ఇంటిపేరు లాటిన్‌లో ‘అందరూ’ అనే మాటకు సరిపోవడంతో చమత్కారంగా దుకాణం మీద ‘ఓమ్నెస్ ఓమ్నిబుస్’ అని రాయించుకొన్నాడనీ, ‘ఓమ్నెస్ అందరికీ’ అనీ ‘అందరూ అందరికీ’ అనీ రెండు విధాలా చదువుకోదగిన ఆ బోర్డు చూసి జనం బండినే ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టారనీ చెబుతారు. చెప్పుకోవడానికి ముచ్చటైన కథ. నిర్ధారణ అయిన చరిత్రగా మాత్రం దీన్ని తీసుకోలేము. నా వరకు నేను ఆ కథ అవసరమే లేదనుకొంటాను. ఆ కాలపు ఫ్రాన్సులో కాస్త చదువుకొన్నవారికి పాఠశాలలోనే లాటిన్ వచ్చేది. గుడికి వెళ్ళే ప్రతివారికీ, మా అమ్మమ్మకు వచ్చినట్టే, ‘ఓమ్నిబుస్ సాంక్తిస్’ నోటికి వచ్చి ఉంటుంది. ‘అందరి కోసం బండి’ అనే భావానికి ఫ్రెంచి మాట పక్కన ఒక లాటిన్ మాట తగిలించడానికి టోపీల దుకాణం దాకా పోనక్కరలేదు.

అసలు ‘అందరికీ’ అని ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవలసి వచ్చిందో తెలియాలంటే అదే పారిస్‌లో దానికి నూట అరవై ఆరేళ్ళ ముందు జరిగింది గుర్తు చేసుకోవాలి. గణిత శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ ఆలోచనతో 1662 మార్చిలో అయిదు ‘సోల్’ల రుసుముతో నిర్ణీత దారులలో, నిర్ణీత వేళలలో తిరిగే బళ్ళు పారిస్‌లో మొదలయ్యాయి. కానీ సైనికులు, నౌకర్లు, కూలిపని చేసేవారు వాటిలో ఎక్కకూడదని అక్కడి న్యాయస్థానమైన పార్లమాఁ ఆంక్ష పెట్టింది. మొదట్లో ఎగబడి ఎక్కినా, పదిహేనేళ్ళు తిరిగేసరికి ఆ బళ్ళు కనుమరుగయ్యాయి. పాస్కల్ ఆ ఏడాది ఆగస్టులోనే చనిపోయాడు కాబట్టి ఆ పతనం చూడలేదు. రెండవసారి వచ్చిన బండి పేరులో ‘అందరికీ’ అని చేరడాన్ని నేను ఈ నేపథ్యంలోనే చదువుకొంటాను. ఇది నా ఊహే తప్ప బోద్రీ ఎక్కడో రాసిపెట్టిన మాట కాదు.

ఇంగ్లీషులోకి ఆ పేరును తెచ్చినవాడు జార్జ్ షిల్లిబీర్. పారిస్‌లో బళ్ళు తయారుచేసే పనిలో కొంతకాలం ఉండి లండన్ తిరిగివచ్చిన ఇతడు, 1829 జులై 4న పాడింగ్టన్ నుంచి బ్యాంకు ఆఫ్ ఇంగ్లండు వరకు మూడు గుర్రాలు లాగే బండిని నడిపాడు. లోపల ఇరవై ఇద్దరు కూర్చోవచ్చు. బండి పక్కల మీద ‘ఓమ్నిబస్’ అని పెద్ద అక్షరాలతో రాయించాడు. ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక షిల్లింగు తీసుకొనేవాడు. ‘అందరికీ’ అని రాసుకొన్న ఆ బండికి ఆ రోజులలో ఒక కూలివాడు షిల్లింగు ఇచ్చుకోగలిగేవాడా అన్నది వేరే ప్రశ్న. పోటీదారుల తాకిడికి షిల్లిబీర్ దివాలా తీసి, చివరికి శవాలనూ సంతాపానికి వచ్చేవారినీ కలిపి తీసుకుపోయే బండి ఒకటి కట్టి దాని మీద బతికాడు. ఆలోచిస్తే అందరికీ అన్న మాటకు అది మరింత తగిన బండే.

మాట పొట్టి కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. షిల్లిబీర్ బండి కదిలిన మూడేళ్ళకే, 1832లో ఆంగ్ల రచయిత్రి హారియట్ మార్టినో రచనలో ‘బస్’ అన్న రూపం అచ్చులో కనబడుతుంది. అయితే చదువుకొన్నవారు దాన్ని చాలాకాలం నీచపు మాటగా చూశారు; ముందు ఏదో లోపించిందని ఒప్పుకొంటున్నట్టు ‘బస్’కు ముందు ఒక లోపచిహ్నం (అపాస్ట్రఫీ) పెట్టి రాసే అలవాటు ఇరవయ్యో శతాబ్దంలో కూడా కొనసాగింది. లాటిన్ తెలిసినవారికి ఈ మాటతో ఒక నవ్వులాటి చిక్కు కూడా వచ్చిపడింది. ‘ఉస్’తో ముగిసే లాటిన్ నామాలు చాలావాటికి బహువచనం ‘ఈ’తో ముగుస్తుంది కదా అని కొందరు ‘ఓమ్నిబై’ అనబోయేవారు. కానీ ఇది నామమే కాదు, అప్పటికే బహువచనంలో ఉన్న చతుర్థి రూపం, దానికి మళ్ళీ బహువచనం చేయడానికి వీలులేదు. 1914లో ఆక్స్‌ఫర్డులో ఆల్‌ఫ్రెడ్ గాడ్లీ అనే పండితుడు ‘మోటార్’, ‘బస్’ అనే రెండు మాటలనూ అచ్చమైన లాటిన్ నామాలైనట్టు అన్ని విభక్తులలోనూ నడిపిస్తూ ఒక హాస్య కవిత రాశాడు. ప్రత్యయానికే ప్రత్యయాలు చేర్చడంలోని తమాషా తెలిసినవారికి అది ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది.

ఆ రెండు మాటలూ మన ఊళ్ళకు విడివిడిగా వచ్చాయి. మా తాతగారి తరం వారు బస్సును ‘మోటారు’ అనేవారు. ‘పొద్దున మోటారుకు వెళ్ళి సాయంత్రం మోటారుకు వచ్చాడు’ అన్న మాట నేను ఎన్నోసార్లు విన్నాను. అది కూడా లాటినే. ‘కదిలించేది’ అని అర్థం. నిజాం రాష్ట్రంలో 1932లో రైల్వేశాఖ కిందనే రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులతో నడపడం మొదలుపెట్టారు. 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. సర్కారు బళ్ళు పల్లెపల్లెకూ చేరేకొద్దీ ‘బస్సు’ అన్న మాట గెలిచింది, ‘మోటారు’ పొలంలో నీళ్ళు తోడే యంత్రానికి పరిమితమయింది. అరువు మాటకు చివర సకారాన్ని ద్విత్వం చేసి ఉకారం తగిలించడం మన భాష అలవాటు కాబట్టి, ‘బస్’ బస్సయి, లాటిన్ ప్రత్యయం అచ్చ తెలుగు మాటలా ఒదిగిపోయింది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఇదంతా నేను మా అమ్మమ్మకు గుణదల తిరునాళ్ళకు పోయే బస్సులో కూర్చోబెట్టి వివరించాను. ఆమె శ్రద్ధగా విని, ‘అందరికీ అని పేరు పెట్టి మరి టిక్కెట్టు ఎందుకు కొట్టడంరా?’ అని అడిగింది. కండక్టరు నవ్వాడు గానీ టిక్కెట్టు కొట్టడం మానలేదు.

ఒకసారి విడిపోయిన తరవాత ఆ ‘బస్’ అనే ముక్క ఎక్కడెక్కడికి పోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. సబ్‌స్టేషనులలో అన్ని తీగలకూ విద్యుత్తును పంచిపెట్టే లోహపు పట్టీని మొదట ‘ఓమ్నిబస్ బార్’ అనేవారు, అది ‘బస్‌బార్’ అయింది. కంప్యూటరులో అన్ని భాగాలకూ సంకేతాలను మోసే ఉమ్మడి దారికి ఆ మాటే వచ్చింది. 1990ల నడుమ రూపొందిన ‘యూఎస్‌బీ’లో చివరి ‘బీ’ ఆ ‘బస్సే’. మొదటి ‘యూ’ సూచించే ‘యూనివర్సల్’ కూడా ‘సమస్తం’ అనే అర్థం గల లాటిన్ మాటే. విడిపోయిన ‘ఓమ్ని’ స్థానంలో దాని అర్థం గల మరో లాటిన్ మాట వచ్చి చేరిందన్నమాట. ఫోనుకు చార్జింగు తీగ తగిలించిన ప్రతిసారీ మనం ‘సర్వేభ్యః’ లాంటిదే ఏదో చేతిలో పట్టుకొంటున్నాం.

విడిపోయిన మొదటి ముక్క ‘ఓమ్ని’ సంగతి నాకు చెన్నైలో తెలిసింది. ఇరవై ఏళ్ళ కిందట ఒక అనువాదం పని మీద అక్కడికి వెళ్ళి, రాత్రికి విజయవాడ తిరిగిరావలసి ఉండగా, నా మిత్రుడు ఫోనులో ‘కోయంబేడులో ఆమ్ని బస్టాండుకు వచ్చెయ్, అక్కడే ఎక్కుదాం’ అన్నాడు. నాకు తెలిసిన ‘ఓమ్ని’ అల్లా పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ తిరిగే మారుతీ వ్యాను ఒక్కటే. అందుకని వ్యానుల స్టాండు ఎక్కడా అని అడుగుతూ, సంచి భుజాన వేసుకొని, ఆ ఆవరణ చుట్టూ ముప్పావు గంట తిరిగాను. వచ్చీరాని తమిళంలో నేనడిగిన ప్రతివారూ ఎదురుగా ఉన్న పెద్ద పెద్ద ప్రైవేటు బస్సులనే చూపించేవారు. తమిళనాడులో దూరప్రాంతాలకు పోయే ప్రైవేటు బస్సులను ‘ఆమ్ని బస్’ అంటారని మిత్రుడు వచ్చి చెప్పేదాకా నాకు తెలియదు. లాటిన్ చదువుకొన్నానని గొప్పలు పోయే నాకు, పూర్తి ‘ఓమ్నిబుస్’ నియాన్ దీపాలతో కళ్ళముందు వెలుగుతూ ఉన్నా కనబడలేదు.

ఆ తరవాత కుతూహలం కొద్దీ వెతికితే, ఆ పూర్తి మాట మన దేశపు చట్టంలో కూడా చెక్కుచెదరకుండా ఉందని తెలిసింది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం రెండవ సెక్షనులో ‘ఓమ్నిబస్’కు నిర్వచనం ఉంది: డ్రైవరు కాక ఆరుగురి కంటే ఎక్కువ మందిని తీసుకుపోయేందుకు నిర్మించిన లేదా మార్చిన మోటారు వాహనం. మారుతీ ఓమ్నిలో ఎనిమిది సీట్ల రకం కూడా వచ్చేది. డ్రైవరును తీసేస్తే ఏడుగురు. కాబట్టి ఆ నిర్వచనాన్ని అక్షరాలా తీసుకొంటే, ఆ రాత్రి ఆమ్ని బస్టాండులో నేను ఓమ్ని వ్యాను కోసం వెతకడం మరీ అంత తెలివితక్కువ పని కాదు. ఈ మాట నా మిత్రుడు ఇంకా ఒప్పుకోలేదు.